ఎవరి మాట సాక్ష్యం?

"తండ్రి ఎవరో కచ్చితంగా తెలియదు." అమెరికాలో పూర్వీకుల వివరాలు తవ్వుకునేవాళ్ళకి తరచూ ఎదురయ్యే వాక్యం ఇది. చదవగానే అదేదో కాలం చేసిన పనిలా అనిపిస్తుంది. కాగితాలకు చెదలు పట్టిందనో, రికార్డులు తగలబడిపోయాయనో అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. శాలీ హెమింగ్స్ పిల్లల సంగతి చదివాక ఆ నమ్మకం పోయింది. అక్కడ తెలిసినవాళ్ళు చెప్పారు. వినాల్సినవాళ్ళు వినలేదు.

శాలీ 1773లో వర్జీనియాలో బానిసగా పుట్టింది. తల్లి ఎలిజబెత్ హెమింగ్స్. తండ్రి, ఆ తల్లి యజమాని జాన్ వేల్స్. వేల్స్ కూతురు మార్తాను పెళ్ళాడినవాడు థామస్ జెఫర్సన్. అంటే శాలీ, జెఫర్సన్ భార్యకి సవతి చెల్లెలు. మామగారు పోయాక ఆస్తితో పాటు ఆ పసిపిల్ల కూడా అల్లుడి సొత్తయింది. 1787లో, పద్నాలుగేళ్ళప్పుడు, జెఫర్సన్ కూతురికి తోడుగా ఆమెను పారిస్ పంపారు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్ళు.

1873లో ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ ఒహాయోలోని ఒక పత్రికకు తన కథ చెప్పాడు. తనకీ, తన తోబుట్టువులకీ తండ్రి జెఫర్సనేనన్నాడు. ఫ్రాన్సులోనే ఉండిపోతే అమ్మకి స్వేచ్ఛ దొరికేదనీ, పుట్టే పిల్లల్ని ఇరవై ఒకటో ఏట విడిచిపెడతానని ఆయన మాట ఇచ్చాకే ఆమె తిరిగి వచ్చిందనీ చెప్పాడు. పెరిగి పెద్దవాళ్ళయిన నలుగురు పిల్లలూ బానిసత్వం నుంచి బయటపడ్డారు కూడా.

మరి జెఫర్సన్ కుటుంబం ఏమంది? ఆ పిల్లల తండ్రి పీటర్ కార్ అన్నాడు మనవడు. కాదు, శామ్యూల్ కార్ అంది మనవరాలు. కార్ సోదరులిద్దరూ జెఫర్సన్ మేనల్లుళ్ళు. సొంత అన్నాచెల్లెళ్ళు చెరో పేరు చెప్పినా, పేరున్న చరిత్రకారులకి ఆ మాటే నమ్మదగిందయింది. మాడిసన్ మాట మాత్రం గాలి కబురైపోయింది! జెఫర్సన్ ఇంట్లో ఉన్న కాలానికీ శాలీ కాన్పులకీ లెక్క సరిపోయినా వాళ్ళ మనసు మారలేదు. ఈ రెండు నాలుకల తూకాన్ని 1997లో అనెట్ గోర్డన్-రీడ్ అనే నల్లజాతి న్యాయశాస్త్ర అధ్యాపకురాలు తన పుస్తకంలో ఒక్కొక్క సాక్ష్యంగా విడదీసి చూపించింది.

ఆ మరుసటి ఏడు, 1998 నవంబరులో, డి.ఎన్.ఎ. పరీక్ష ఫలితాలు వచ్చాయి. శాలీ చిన్నకొడుకు ఈస్టన్ వంశంలోని ఒక మగవాడి వై క్రోమోజోమ్, జెఫర్సన్ పెదనాన్న వంశంలోని మగవాళ్ళ దానితో కలిసింది. కార్ వంశంతో కలవలేదు. 2000లో మోంటిచెల్లోను నడిపే ఫౌండేషన్ కూడా ఆ పిల్లల తండ్రి జెఫర్సనే అయి ఉండాలని ఒప్పుకుంది.

సంతోషించాలా? నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. కొడుకు నోట వచ్చిన తల్లి మాట నూట పాతికేళ్ళు ఎదురుచూసింది దేనికోసం? మగవాడి నుంచి మగవాడికి మాత్రమే వెళ్ళే ఒక క్రోమోజోమ్ కోసం! ఆ పరీక్ష కూతుళ్ళ దారిన నడవలేదు. శాలీ కూతురు హారియెట్ 1822లో మోంటిచెల్లో విడిచి, తెల్లవాళ్ళలో కలిసిపోయి బతికింది. ఆమె సంతానం రేపు దొరికినా ఈ పరీక్ష వాళ్ళకి ఏమీ చెప్పదు.

ఇంకో విడ్డూరం వినండి. మోంటిచెల్లో కుటుంబ శ్మశానాన్ని చూసుకునే వారసుల సంఘం 2002లో హెమింగ్స్ సంతతిని చేర్చుకోమని ఓటు వేసింది. ఆ వారసులంతా ఎవరు? జెఫర్సన్ కూతుళ్ళ సంతానం. జెఫర్సన్ నుంచి వచ్చిన వై క్రోమోజోమ్ వాళ్ళలో ఒక్కరికీ ఉండే అవకాశం లేదు. వాళ్ళనెవరూ నెత్తురు చూపించమని అడగలేదే! పెళ్ళి కాగితం చాలింది.

ఈ అన్యాయానికి వేరు 1662లో ఉంది. అంతకు ఆరేళ్ళ ముందు, ఎలిజబెత్ కీ అనే స్త్రీ తన తండ్రి ఇంగ్లీషువాడని రుజువు చేసుకుని వర్జీనియాలో స్వేచ్ఛ గెలుచుకుంది. ఆమె తల్లి ఆఫ్రికన్ బానిస, పేరు కూడా రికార్డుల్లో లేదు. 1662లో వర్జీనియా చట్టసభ ఆ దారి మూసేసింది. బిడ్డ బానిసా కాదా అన్నది ఇకపై తల్లి స్థితిని బట్టే ఉంటుందని చట్టం చేసింది. యజమాని బలాత్కారానికి పుట్టిన బిడ్డ యజమాని ఆస్తిలోకే చేరింది. అంటే, బిడ్డని సొత్తుగా లెక్క కట్టేటప్పుడు తల్లి ఎవరన్నది చాలు. తండ్రి పేరు చెప్పేటప్పుడు మాత్రం ఆ తల్లి మాట చెల్లదు! "తండ్రి తెలియదు" అన్న వాక్యం అలా తయారయింది.

ఇప్పటికీ కొందరు దీన్ని ప్రేమకథ అంటారు. తన శరీరం మీద చట్టపరంగా ఏ హక్కూ లేని ఆడపిల్ల "వద్దు" అంటే దానికి విలువేముంది? "సరే" అంటే మాత్రం ఏముంది? అయినా మాడిసన్ చెప్పినదాన్ని బట్టి, ఆ పిల్ల పదహారేళ్ళకే తన పిల్లల కోసం బేరమాడింది. శాలీ రాసిన అక్షరం ఒక్కటీ మనకు మిగల్లేదు. కొడుకు దాచి చెప్పిన ఆ మాటే ఆమె వదిలిన పత్రం.

నోటిమాట చరిత్రేనని మనం గట్టిగా చెప్పుకున్నవాళ్ళమే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది ఆ నమ్మకంతోనే కదా. అందుకే అడుగుతున్నాను. ఏ దేశంలోనైనా, ఏ వంశవృక్షంలోనైనా "తెలియదు" అని రాసి ఉన్నచోట ఆగండి. ఎవరికి తెలియదు? ఎవరిని అడగలేదు? చెప్పినా ఎవరి మాటని పక్కన పెట్టారు? ముందు ఈ ప్రశ్నలకి జవాబు రాబట్టండి. తండ్రి సంగతి తర్వాత చూద్దాం.