నెహ్రూ టికెట్ దగ్గరే ఆగిపోయాం

దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ పేరెత్తగానే మనవాళ్లు చెప్పే కథ ఒక్కటే. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభలు, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల వలంటీరు, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేయడం. ముచ్చటైన కథే, కాదనం. ఆ తర్వాత ఆంధ్ర మహిళా సభ గురించి నాలుగు ముక్కలు చెప్పి, ‘సంఘసేవిక’ అని ముగించేస్తాం. ఆ రెండింటి మధ్య గట్టి లాయరు, అంతకంటే గట్టి చట్టసభ సభ్యురాలు ఉన్న సంగతి ఎవరూ ఎత్తరు.

ఆమెను లా వైపు నడిపింది జైలు. ఉప్పు సత్యాగ్రహంలో శిక్ష పడి వెళ్లినప్పుడు, హత్యానేరం మోపబడిన ఆడవాళ్లు అక్కడ కనిపించారు. తమ తరఫున వాదించుకోవచ్చని కూడా తెలియని అభాగ్యులు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసిన ఇంటి పిల్ల, బయటికొచ్చాక మళ్లీ పుస్తకం పట్టారు. మెట్రిక్ బెనారస్ నుంచి ప్రైవేటుగా రాశారు. వాల్తేరులో బీఏ చేరబోతే అమ్మాయిలకు హాస్టల్ లేదన్నారు. తోటి అమ్మాయిలను పోగుచేసి హాస్టల్ ఏర్పాటు చేయించుకుని మరీ చదివారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు.

నాలుగేళ్లు తిరిగేసరికి రాజ్యాంగ సభలో ఉన్నారు. అక్కడి అధ్యక్షుల ప్యానెల్‌లో ఏకైక మహిళ ఆమే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లుండాలని అంబేద్కర్ ప్రతిపాదిస్తే, 30 చాలని సవరణ పెట్టారు. వయసు పెరిగితేనే తెలివి వస్తుందనుకునే రోజులు పోయాయన్నది ఆమె వాదన. సభ ఒప్పుకుంది. నేటికీ ఆ 30 ఏళ్ల నిబంధనే నడుస్తోంది. హిందూ కోడ్ బిల్లుపై చర్చలోనూ ఆడపిల్లల ఆస్తిహక్కు వైపే నిలబడ్డారు.

ఇంత చేసినావిడ 1952 ఎన్నికల్లో రాజమండ్రిలో ఓడిపోయారు. పుట్టిన ఊరే! ప్రణాళికా సంఘం, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఆమెను అక్కున చేర్చుకున్నాయి గానీ, మాట పట్టుకుని నిలదీసే అలాంటి గొంతు లోక్‌సభకు దక్కలేదు. అది మన నష్టమే.

అయినా చట్టం ఆలోచన ఆమెను వదల్లేదు. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూకూ పెద్ద జడ్జీలకూ చెప్పారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు. రాజ్యాంగ సభలో ఆమె మాట్లాడిందంతా అచ్చులో ఉంది. టికెట్ కథతో పాటు ఆ ప్రసంగాలను కూడా మన లా కాలేజీల్లో చదివించండి.