మూతపడకుండా చేతులు మారిన ఎస్సార్ స్టీల్

బైలాడిల్లా కొండల పాదాన ఉన్న కిరండూల్‌తో తెలుగువారి సంబంధం 1960 దశకం నాటిది. హైదరాబాద్ ప్రధాన కేంద్రంగా గల ఎన్.ఎం.డి.సి. ఇక్కడ గని తెరవడం, ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు కొత్తవలస వరకు రైలుమార్గం పడటం ఆ దశకంలోనే జరిగాయి. తర్వాతి కాలంలో రైలుకు తోడు మరో దారి ఏర్పడింది. ఎస్సార్ స్టీల్ సంస్థ కిరండూల్‌లో ఖనిజశుద్ధి కర్మాగారం నెలకొల్పి, సన్న ఖనిజాన్ని నీటితో కలిపి 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా విశాఖలోని పెల్లెట్ కర్మాగారానికి పంపనారంభించింది. ఒడిశాలోని మల్కన్‌గిరి అడవుల గుండా వెళ్లే ఈ మార్గాన్ని 2009లో మావోయిస్టులు దెబ్బతీయగా రవాణా స్తంభించింది. గొట్టానికి అంతకన్నా పెద్ద గండం మాత్రం బ్యాంకు ఖాతాల నుంచి వచ్చింది.

2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా చర్యల నిమిత్తం ఎంపిక చేసిన 12 భారీ ఖాతాలలో ఎస్సార్ స్టీల్ ఒకటి. ఆ ఏడాది ఆగస్టు 2న జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్ అహ్మదాబాద్ ధర్మాసనం బ్యాంకుల పిటిషన్లను విచారణకు స్వీకరించింది. ఖాయిలా పరిశ్రమలను బి.ఐ.ఎఫ్.ఆర్.కు నివేదించి ఏళ్ల తరబడి ఎదురుచూసే పద్ధతి 2016 డిసెంబర్‌తో ముగిసింది. కొత్త దివాలా స్మృతి ప్రకారం కంపెనీ పగ్గాలు యాజమాన్యం చేతి నుంచి తక్షణం జారి పరిష్కార నిపుణుని చేతికి వెళ్తాయి. గడువులోగా కొనుగోలుదారు దొరికితే కంపెనీ బతుకుతుంది. దొరకకుంటే ఆస్తులు అమ్మి, అప్పులు తీర్చగలిగినంత తీర్చి, చివరకు దానిని రద్దు చేస్తారు.

భూమిలో పూడ్చిన గొట్టానికి ఈ తేడా ప్రాణసమానం. కంపెనీ నిలిచినంత కాలమే దానికి అర్థం ఉంది. ఒక కొసన ఖనిజశుద్ధి, మరో కొసన పెల్లెట్ తయారీ లేకుంటే అది తవ్వి తీసే ఖర్చుకైనా చాలని పాత ఇనుము. అదే జాబితాలోని హైదరాబాద్ సంస్థ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌కు అంగీకారయోగ్యమైన ప్రణాళిక కుదరనందున 2018 ఆగస్టులో లిక్విడేషన్ ఉత్తర్వు వెలువడింది. ఎస్సార్‌కు మాత్రం పోటీదారులు కరవు కాలేదు. తమ పాత బకాయిల చిక్కు వదిలించుకొని అర్హత సంపాదించేందుకే ఆర్సెలార్ మిట్టల్ 7 వేల కోట్ల రూపాయలకు పైగా చెల్లించింది. పాత ప్రమోటర్లయిన రుయాలు 2018 అక్టోబర్‌లో 54,389 కోట్లు ఇస్తామని ముందుకు వచ్చారు. అంత సొమ్ము చేతిలో ఉంటే అప్పు ఆనాడే ఎందుకు తీర్చలేదన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది. ఆ ప్రతిపాదన చెల్లలేదు.

ఆర్సెలార్ మిట్టల్ దాదాపు 42 వేల కోట్లు ఇవ్వజూపింది. ఆర్థిక రుణదాతల క్లెయిములే 49 వేల కోట్లు దాటాయి. అసలు వివాదం ఇక్కడ మొదలైంది. అప్పు ఇచ్చినవారు ఆర్థిక రుణదాతలు. సరుకు, సేవలు అందించి బిల్లుల కోసం ఎదురుచూస్తున్నవారు నిర్వాహక రుణదాతలు. ప్రణాళికను ఆమోదించే కమిటీలో సాధారణంగా ఓటు మొదటివారిదే. ఆ కమిటీ ఆమోదించిన ప్రణాళికలో కోటి రూపాయల లోపు బిల్లులున్న సరఫరాదారులకు పూర్తి చెల్లింపు ఉండగా, కోటి దాటినవారికి మొదట ఏమీ లేదు. ట్రిబ్యునల్ సూచించిన మీదట వారి కోసం 1,000 కోట్లు కేటాయించారు. బ్యాంకులలోనూ అందరూ సమానులు కారు. ఎస్సార్ విదేశీ అనుబంధ సంస్థకు అప్పిచ్చి, మాతృసంస్థ హామీని నమ్ముకొన్న స్టాండర్డ్ చార్టర్డ్‌కు దక్కింది తన క్లెయిములో 1.74 శాతం.

2019 జూలై 4న అప్పిలేట్ ట్రిబ్యునల్ ఈ లెక్కను తిరగరాసి రెండు వర్గాలకూ 60.7 శాతం చొప్పున ఇవ్వాలన్నది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. నవంబర్ 15న సుప్రీంకోర్టు, పంపిణీ రుణదాతల కమిటీ వ్యాపార విజ్ఞతకు సంబంధించిన విషయమనీ, తాకట్టు ఉన్నవారినీ లేనివారినీ ఒకే గాటన కట్టడం సమానత్వం కాదనీ తేల్చింది. డిసెంబర్ 16న, అంటే కేసు మొదలైన 866 రోజులకు, కంపెనీ ఆర్సెలార్ మిట్టల్, నిప్పన్ స్టీల్ సంస్థల ఉమ్మడి యాజమాన్యంలోకి వెళ్లింది. మొదట చట్టం విధించిన గరిష్ఠ గడువు 270 రోజులు!

తీర్పులోని మరో అంశం తక్కువ చర్చకు వచ్చినా దాని ప్రభావం ఎక్కువ. ప్రణాళిక ఆమోదం పొందాక, అందులో చోటు లేని పాత బకాయిలేవీ కొత్త యజమానిని వెంటాడరాదని న్యాయస్థానం స్పష్టం చేసింది. ప్రభుత్వ బకాయిలకూ ఇదే సూత్రం వర్తిస్తుందని 2021లో మరో కేసులో ధ్రువపరచింది. రిజిస్ట్రార్ పుస్తకంలో కంపెనీ కొట్టివేతకు గురి కాలేదు; పేరు మాత్రమే మారింది. వ్యక్తి అదే, అప్పులు మాత్రం మాఫీ. కొనేవానికి ఈ భరోసా లేకపోతే వేల కోట్లు పెట్టడన్న వాదన కాదనలేనిది. కానీ ఆ భరోసాకు మూల్యం చెల్లించేది ఎక్కువగా ఓటు లేనివారే.

మామూలు పద్ధతిలో కంపెనీ మూసుకొనేవారికి ఇంత వెసులుబాటు లేదనడం గమనార్హం. 2013 కంపెనీల చట్టం 248వ సెక్షన్ కింద పేరు కొట్టివేయించుకోవాలంటే ముందు అప్పులన్నీ తీర్చాలి. 2023 మే నుంచి ఈ పని మానేసర్‌లోని కేంద్రం ద్వారా సులభమైంది. అయినా నష్టపోయిన రుణదాత 20 ఏళ్లలోపు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి ఆ పేరును పునరుద్ధరింపజేయవచ్చు. చిన్న కంపెనీ శవాన్ని లేపే హక్కున్నవాడికి, బతికిన పెద్ద కంపెనీని పాత బాకీ అడిగే హక్కు లేదు.

అందుచేత సరఫరాదారుకు మిగిలే రక్షణ సకాలంలో క్లెయిము దాఖలు చేయడమే. దివాలా ప్రక్రియ మొదలైనట్లు ఒక ఆంగ్ల పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటించాలని నిబంధన. ఆ ప్రకటన రిజిస్టర్డు కార్యాలయం, ప్రధాన కార్యాలయం ఉన్నచోట తప్పనిసరి. ఎస్సార్ స్టీల్ రిజిస్టర్డు కార్యాలయం సూరత్ సమీపంలోని హజీరా. ఇతర ప్రాంతాలలో, అంటే ఖనిజం బయలుదేరే కిరండూల్‌లోనో అది చేరే విశాఖలోనో, ప్రకటన వేయాలా వద్దా అన్నది అక్కడి వ్యాపారం ముఖ్యమైనదా కాదా అని తాత్కాలిక పరిష్కార నిపుణుడు ఏర్పరచుకొనే అభిప్రాయంపై ఆధారపడి ఉంటుంది.