నీరు పల్లమెరుగు

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నారు పెద్దలు. పల్లమే లేని నేలను పరిచిపెడితే నీరు మాత్రం ఎక్కడికి పోతుంది? కొనకనమిట్ల, మార్కాపురం ప్రాంతాలలో లేస్తున్న కొత్త ఇళ్ళను చూసినప్పుడల్లా నాకీ ప్రశ్న కలుగుతుంది.

పాత ఇళ్ళలో దొడ్డివైపు జలదారి ఉండేది. నాపరాళ్ళు పరిచి, వాటమంతా ఒకే దిక్కుకు ఇచ్చి, గోడవారగా తూము పెట్టేవారు. బట్టలు జాడించిన నీరు ఆ తూము దాటి కొబ్బరిమొక్క పాదులో చేరేది. బిందెడు నీటి విలువ తెలిసిన కరువు నేల కదా ఇది!

ఇప్పుడు జలదారి పోయి వాషింగ్ మెషీన్ గది వచ్చింది. రెండడుగుల నున్నని టైల్సు, నట్టనడుమ జల్లెడ మూత. నాలుగు వైపుల నుంచీ నడుమకు వాటం రావాలంటే టైల్సును ఐమూలగా కోయాలి. అంత శ్రమ ఎవరికీ ఇష్టం లేదు గనుక మట్టంగా పరిచేస్తారు. మా ఇంట జరిగినదీ అదే. నిలిచిన సబ్బునీటిలో మా అమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నది. అప్పటికిగాని నాకు వాటం అనే మాట బరువు తెలియలేదు.

నా అభిప్రాయమిది. తూము గోడవారగానే ఉండాలి, వాలు ఒకే దిక్కుకు సాగాలి. అడుగుకు పావు అంగుళం చొప్పున ఆరడుగుల గదికి అంగుళంన్నర పల్లం కావాలి. కాబట్టి పక్కగది కంటే ఈ నేలను రెండంగుళాలు దించాలన్నది పునాదినాడే తేల్చుకోవాలి. మెషీనుకు మట్టమైన చిన్న అరుగు వేరుగా కట్టాలి. నేల గరుకుగా ఉండాలి. తూము కింద నహానీ ట్రాపులో నీరు ఎండిపోనీయరాదు. ఎండితే దుర్వాసన, బొద్దింకలు లోపలికి వస్తాయి.

టైల్సు అతికించక ముందే బకెట్టు నీళ్ళు కుమ్మరించి చూడాలి. ఆ పరీక్ష చేయవలసినది మేస్త్రీ కాదు, ఇంటి యజమానీ కాదు. రేపు ఆ గదిలో చీపురు పట్టబోయే మనిషి. ఇంటి ముందరి రంగుల గురించి పదిమందిని అడిగే మనం, ఆమెను ఒక్క మాట అడగకుండానే ఇల్లు పూర్తయిందంటున్నాం.