మేస్త్రీ మాట, కంపెనీ కాగితం

పనికి మనిషిని కుదర్చడమనే విద్య పాలమూరు పల్లెలకు కొత్తేమీ కాదు. ఎంబీఏ హెచ్ఆర్ కోర్సులు రాక చాలా ముందే గుంపు మేస్త్రీ ఆ పని చేశాడు. కాంట్రాక్టరు దగ్గర డబ్బు తెచ్చుకుని, ఊళ్లోనూ తండాలోనూ ఇల్లిల్లూ తిరిగేవాడు. ఎవరింట్లో పెళ్లి ఉందో, ఎవరి బోరు ఎండిందో, ఎవరి గడపలో అప్పులవాళ్లు కూర్చున్నారో అతనికి తెలుసు. చూసి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు, ఆలుమగలను జోడీగా లెక్కగట్టి గుంపు కట్టేవాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్‌కైనా, శ్రీశైలానికైనా, ఆ తర్వాత దేశం నలుమూలలా తవ్విన కాలువలకైనా పాలమూరు లేబర్ చేరింది ఈ దారినే. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు.

ఇప్పుడు పాలమూరు, నల్లగొండ నేలల మీదే వేరే కొలువులు వచ్చాయి. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు, పాత నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లో 1995 నుంచి దివీస్, దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీల కర్మాగారానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, 4,500 మందికి నేరుగా ఉద్యోగాలు అన్నది ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలోని మాట. ఇలాంటి చోట్ల మనుషుల్ని తీసుకునే హెచ్ఆర్ వాళ్ల ముందు పాత ప్రశ్నే ఉంది. తెలిసినవాళ్ల ద్వారా తెచ్చుకోవాలా, ప్రకటన వేసి పరీక్ష పెట్టి ఎంచుకోవాలా?

తెలిసినవాళ్ల దారిని చులకన చేయడం తేలిక. కానీ అందులో బలం లేకపోతే ఇన్నేళ్లు నిలిచేది కాదు. మేస్త్రీ తెచ్చిన మనిషి పని ఎగ్గొడితే కాంట్రాక్టరు ముందు పోయేది మేస్త్రీ పరువు. అందుకని పనిమంతుల్నే ఏరేవాడు. కంపెనీలు ‘రిఫరల్ బోనస్’ పేరుతో నేడు కొనుక్కుంటున్నది కూడా ఈ పూచీనే. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక వ్యాసం రాశాడు. ఉద్యోగం సంగతి మనకు చేరేది చాలాసార్లు దగ్గరి చుట్టాల ద్వారా కాదనీ, అప్పుడప్పుడు పలకరించే ముఖపరిచయాల ద్వారాననీ అందులో చూపాడు. మన దగ్గర రైలు స్టేషన్ చాయ్ బండి దగ్గర, బోరు మెకానిక్ దుకాణం ముందర ఇది రోజూ జరిగేదే.

ఇంకో సంగతి ఉంది. రాత్రి షిఫ్టుకు ఆడపిల్లను పంపాలంటే తల్లిదండ్రులు జీతం కన్నా ముందు అడిగేది ‘మనూరోళ్లు ఎవరన్నా ఉన్నారా’ అని. పక్కింటి పిల్ల అదే ప్లాంటులో ఉంటే సగం అనుమానం తీరుతుంది. ఈ ధైర్యాన్ని ఏ ప్రకటనా ఇవ్వలేదు.

అయితే ఈ దారికి చెల్లించిన ఖరీదు చిన్నది కాదు. ముందు చేతికొచ్చిన అడ్వాన్సు మనిషిని కట్టేసింది. వారం ఖర్చులకు ఇంత అని ఇచ్చి, అసలు లెక్క పని ముగిశాక చూసేవారు. పుస్తకం మేస్త్రీ చేతిలో, చదువు రాని కూలీ వేలిముద్ర కింద. కట్ట మీద కాలు విరిగితే కాంట్రాక్టరు ‘వీడెవడో నాకు తెలియదు’ అనగలిగాడు, ఎందుకంటే కాగితం మీద అతను ఎక్కడా లేడు. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చి కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి ఫొటోతో పాస్‌పుస్తకం, ఊరు విడిచినందుకు నెల జీతంలో సగం భత్యం ఉండాలంది. కాగితం మీద గొప్ప చట్టమే. కానీ అది రాష్ట్రం సరిహద్దు దాటినవాడికే. నారాయణపేట నుంచి హైదరాబాద్ భవనాలకు వెళ్లిన జోడీ దాని లెక్కలోకి రాలేదు. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని వెట్టి కిందికే వస్తుందని తేల్చింది. ఆ కొలతతో చూస్తే గుంపుల లెక్కలు ఎన్ని నిలబడేవో ఊహించుకోవచ్చు.

కంపెనీల్లోనూ దీని నీడ ఉంది. సూపర్‌వైజర్ ఏ ఊరివాడైతే లైనంతా ఆ ఊరివాళ్లే. ఒకే బండి మీద ముగ్గురొస్తారు, ఒకడికి చార్జిమెమో ఇస్తే ముగ్గురూ మానేస్తారు. మేస్త్రీ లేని ఊరికి, సూపర్‌వైజర్ కులం కాని వాడకు కబురే అందదు.

అందుకే బహిరంగ ప్రకటన కావాలన్నది రెండో పక్షం. ఎవరైనా రావచ్చు, అర్హత ఉన్నవాళ్లకు పని. దేవరకొండ వైపు తండాలో పుట్టి, నల్లగొండలో 2007లో పెట్టిన మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి క్వాలిటీ కంట్రోల్ ల్యాబు తలుపు తెరిచేది ఏ మేస్త్రీ? మార్కుల జాబితా, రాతపరీక్ష ఆమెకు ఆసరా. పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాక ఆ వైపు పిల్లలకూ అంతే. చుట్టరికం లేనివాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

కానీ ఈ దారి నడుస్తున్న తీరు చూడండి. దరఖాస్తు ఇంగ్లిషు పోర్టల్‌లో, అదీ ఈమెయిల్ ఉన్నవాళ్లకే. ప్లాంటు జడ్చర్లలో ఉన్నా ఇంటర్వ్యూ హైదరాబాద్ కార్పొరేట్ ఆఫీసులో. రానూపోనూ బస్సు చార్జీ, ఆ రోజు కూలీ రెండూ పోతాయి. మాత్రలు నొక్కే యంత్రం దగ్గర నిలబడాల్సిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి ‘మీ బలాలేమిటి, బలహీనతలేమిటి’ అని ఇంగ్లిషులో అడుగుతారు. వాడు తల దించుకుంటే ‘కమ్యూనికేషన్ లేదు’ అని రాసుకుంటారు. వాడు మాట్లాడాల్సింది యంత్రంతో కదా! ఇక జాబ్‌మేళాలు. షామియానా, బ్యానరు, ప్రజాప్రతినిధి ప్రసంగం, గుట్టలుగా రెజ్యూమెలు. చాలామందికి ఆ తర్వాత ఫోనే రాదు. పైగా పరీక్షలో గెలిచినవాడు నిలబడతాడన్న హామీ లేదు. షిఫ్టు దిగేసరికి ఊరికి ఆఖరి బస్సు వెళ్లిపోతే ఎంత తెలివైనవాడైనా మూడో నెలకు మానేస్తాడు. ఆ బస్సు వేళ మేస్త్రీకి తెలుసు, పోర్టల్‌కు తెలియదు.

ఈ రెండింటి మధ్య కంపెనీలు కనిపెట్టిన దారి మ్యాన్‌పవర్ ఏజెన్సీ. నా దృష్టిలో ఇది రెండు దారుల చెడునీ కలుపుకుంది. ఏజెన్సీకి మేస్త్రీలా ఊరు తెలియదు, కంపెనీలా కాగితం పెట్టదు. మధ్యలో కమీషన్ మాత్రం తింటుంది. నిజానికి 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టమే కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలంది. ఆ సంగతి తెలిసీ ‘వాళ్లు మా ఉద్యోగులు కారండీ’ అనే హెచ్ఆర్ మిత్రులు కనబడుతూనే ఉంటారు.

స్థానికుల మాట వచ్చేసరికి చిక్కు ఇంకా ముదురుతుంది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలెత్తే హమాలీల్లో బీహారీలే ఎక్కువ. 2020 మే నెలలో లాక్‌డౌన్‌కు భయపడి దేశమంతా కూలీలు ఇళ్లకు పోతుంటే, బీహార్‌లోని ఖగడియా నుంచి లింగంపల్లికి ప్రత్యేక రైలులో రెండు వందల పైచిలుకు హమాలీలు మన మిల్లులకు వచ్చారు, మంత్రి ఎదురెళ్లి స్వాగతం చెప్పారు. అప్పుడు ధాన్యం కొనుగోళ్ల సీజను, మిల్లు ఆగితే రైతు బస్తా కల్లంలోనే ఉండిపోతుంది. మిల్లర్లనేది ఒకటే: మనవాళ్లు ఆ బరువు పనికి రారు, వచ్చినా సీజనంతా నిలవరు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఇక్కడ రారన్న మనుషులే మక్తల్, నారాయణపేటల నుంచి ముంబై బస్సెక్కి అక్కడ సిమెంటు మోస్తున్నారు. బీహారీ అయినా చాలావరకు తన సర్దారు తెచ్చిన గుంపులోనే వస్తాడు. ఇల్లు దూరం, తలమీద బాకీ, అందుకే నాగా పెట్టడు. దీన్ని మనం కష్టపడే గుణం అంటున్నాం. ముంబైలో మన పాలమూరోణ్ణీ అలాగే మెచ్చుకుంటారు.

కోటాలతో దీన్ని సరిచేయాలని చూసినవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2020 ఆగస్టులో నిర్బంధం వదిలి ప్రోత్సాహకాల వైపు వెళ్లింది. సగం నైపుణ్యపు పనుల్లోనూ, నైపుణ్యపు పనుల్లోనూ చెప్పినంత వాటా స్థానికులుంటే రాయితీ అంది. నిర్బంధం కన్నా ఇది మేలు. కాకపోతే రాయితీతో పాటు ఆ ఊరి ఐటీఐలో ఆ యంత్రం కూడా ఉండాలి.

తెలిసినవాళ్లా, ప్రకటనా అన్న తగవుకు నాకు నచ్చిన తీర్పు తెలుగు నేల మీది కేసులోనే వచ్చింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ ఉద్యోగాలకు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ పంపిన పేర్లు మాత్రమే చూడాలా అన్న వివాదంలో 1996లో సుప్రీంకోర్టు రెండూ ఉండాలంది. ఎక్స్ఛేంజీ నుంచి పేర్లు తెప్పించుకోండి, పత్రికల్లో, నోటీసు బోర్డుల మీద కూడా ప్రకటించండి, వచ్చిన వాళ్లందర్నీ పరిశీలించండి అంది. అది సర్కారు కొలువుల కేసే అయినా అందులోని తెలివి కంపెనీలకూ సరిపోతుంది. కబురు మేస్త్రీ మోయవచ్చు, పాత కార్మికుడు మోయవచ్చు, గ్రామపంచాయతీ గోడ మీద తెలుగులో అంటించిన కాగితమూ మోయవచ్చు. ఎంపిక మాత్రం కంపెనీదే కావాలి, అదీ ప్లాంటులో, యంత్రం ముందు, తెలుగులో జరగాలి. మనిషిని తెచ్చినవాడికి బోనస్ ఇవ్వాలనుకుంటే ఆర్నెల్లు నిలిచాక కంపెనీ జేబులోంచి ఇవ్వండి, కొత్తవాడి జీతంలోంచి కోయకండి. అడ్వాన్సు తప్పదంటే కంపెనీ లెక్కలో, రసీదుతో ఇవ్వండి.

2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇచ్చి తీరాలి. హెచ్ఆర్ మిత్రులు ఈ నెల జీతాలు వేసేముందు ఏజెన్సీ పంపిన జాబితా ఒకసారి తెరిచి, అందులో ఎంతమంది చేతిలో ఆ కాగితం ఉందో వాళ్లనే అడగండి.