అవతారపురుషుల నిరీక్షణము

ధర్మమునకు గ్లాని వాటిల్లినపుడు భగవంతుడు భూమిపై అవతరించునని మన జాతి తరతరములుగా నమ్ముచున్నది. శ్రీకూర్మమున కూర్మనాథుడు, సింహాచలమున వరాహనరసింహుడు, అహోబిలమున నవనారసింహులు నేటికిని పూజలందుచున్నారు. కష్టకాలమున దీనులకు ఓర్పు నొసగిన విశ్వాసమిది. దీనిని హేళన చేయుట మా యుద్దేశము కాదు. కాని యీ విశ్వాసము దేవాలయమునుండి వెండితెరకును, వెండితెరనుండి ఓటుపెట్టెకును నడచివచ్చిన తీరును విచారింపక తప్పదు.

టోలిచౌకికి చేరువన జూబిలీహిల్సు, ఫిలింనగరు మిట్టలపై నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమ నెలకొనియున్నది. ఆ పరిశ్రమ అవతారకథతోనే నోరు విప్పినది. తొలి పూర్తి తెలుగు టాకీయైన భక్తప్రహ్లాద, 1932లో వెలువడినది, నృసింహావతార గాథయే. పరిశ్రమ మదరాసులో వర్ధిల్లిన దినములలో నందమూరి తారక రామారావు మాయాబజారు (1957)లో కృష్ణుడుగను, లవకుశ (1963)లో రాముడుగను దర్శనమిచ్చెను. జనులు తెరకు హారతులు పట్టిరి. తిరుపతి యాత్ర ముగించుకొని మదరాసు పోయి ఆయన యింటి ముంగిట నిలిచి చూచివచ్చిన యాత్రికులు వేలకొలది. 1982 మార్చిలో ఆయన తెలుగుదేశము పక్షమును స్థాపించి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి కాగా, దేవుడే దిగివచ్చెనని సంబరపడినవారు కొందరు. తెరబొమ్మను చూచి జనులు మోసపోయిరని ఎగతాళి చేసినవారు మరికొందరు.

ఈ రెండు మాటలును సరియైనవి కావని మా యభిప్రాయము. ఆ నటుడే సీతారామకల్యాణము (1961)లో రావణుడు. దానవీరశూరకర్ణ (1977)లో కృష్ణుడును, కర్ణుడును, దుర్యోధనుడును ఆయనయే. రాముని వేషమును, రావణుని వేషమును ఒకే మనుష్యునియందు చూచి మెచ్చుకొన్న ప్రేక్షకుడు వేషమునకును మనిషికిని గల భేద మెరుగని అమాయకుడా? 1984 ఆగస్టులో గవర్నరు ఆయనను పదవీచ్యుతుని చేయగా, చక్రము విసరి శత్రువులను చెండాడిన దేవుడెవడును రాలేదు. వీధులకెక్కినది ప్రజలు. సెప్టెంబరులో మరల పీఠమెక్కించినదియు ఆ ప్రజాందోళనమే. అవతారము ప్రజలను రక్షింపలేదు. ప్రజలే అవతారమును రక్షించిరి! 1989లో ఆయన పక్షమును ఓడించి, కల్వకుర్తిలో ఆయననే తిరస్కరించి, 1994లో తిరిగి గెలిపించినదియు వారే.

మన పురాణములు చెప్పునదియు నిదియే. సముద్రముపై సేతువు కట్టినది వానరులు. భారతములోని మత్స్యకథలో నావను సిద్ధపరచినవాడు మనువు. మత్స్యము దానిని లాగినది. కంసుని వధించిన కృష్ణుడు సింహాసనమును తానెక్కక ఉగ్రసేనునికి పట్టము గట్టెను. పరశురాముడు తన వింటిని దాశరథి చేతికిచ్చి తొలగిపోయెను. మనుష్యుల చేతులు కదలనిదే అవతారకార్యము నెరవేరదు. కార్యము తీరిన పిమ్మట అవతారము పీఠమును పట్టుకొని వ్రేలాడదు. మన నాయకులు కిరీటమును అనుకరించినంత సులభముగా ఈ విరక్తిని అనుకరించుట లేదు.

2020 అక్టోబరు వానలకు టోలిచౌకిలోని నదీంకాలనీ దినముల తరబడి నీట మునిగెను. వాన దైవికమే కావచ్చును. చెరువులను పూడ్చి ఇండ్లు లేపుటయు, నీరు పారుదారిని మూయుటయు దైవికములు కావు. ప్రళయజలములలో మత్స్యావతారము కొరకు ఎదురుచూచువారికి దక్కునది మరియొక ప్రళయమే. చెరువు హద్దు లెవరు చెరిపిరని, కాలువ నెప్పుడు త్రవ్వుదురని ప్రశ్నించుటయే అచట ధర్మసంస్థాపనము.

క్రొత్త చిత్రము విడుదలయైన దినమున కటౌటునకు పాలాభిషేకము చేయు యువకులారా! మీ ఉత్సాహమును మేము గర్హింపము. కళను మెచ్చుడు, నటుని ప్రేమింపుడు. కాని ఆ ఉత్సాహములో నాల్గవవంతు వార్డుసభకు దక్కినను మీ వీధి మారిపోవును. ఓటు కానుక కాదు, మ్రొక్కుబడి కాదు; అది పనికి ఇచ్చు ఆజ్ఞ. ఆజ్ఞ ఇచ్చినవాడు లెక్క అడుగవలెను. లెక్క చెప్పజాలనివాడు ఎంత తేజస్వియైనను దింపివేయవలెను.

కల్కి ఎప్పుడు వచ్చునో పౌరాణికులు చెప్పుదురు గాక. వచ్చే ఎన్నిక ఎప్పుడు వచ్చునో మన మెరుగుదుము. గుఱ్ఱపు డెక్కల చప్పుడుకై చెవులొగ్గి కూర్చుండుట చాలును. దిగివచ్చువాని కొరకు చూడక, ప్రజలారా, లేచి నిలువుడు.