సాక్షి వచ్చిన రోజు వాయిదా వద్దు

అత్యాచారం కేసులో సాక్ష్యం చెప్పడానికి కాటారం నుంచి భూపాలపల్లి కోర్టుకు వచ్చే ఆడమనిషికి ఆ రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. కూలి పోతుంది. పిల్లల్ని ఎవరికో అప్పజెప్పాలి. ఎక్కడికి పోతున్నావని బస్సులో అడిగినవాళ్లకు ఏదో ఒకటి అల్లి చెప్పాలి. కోర్టు వరండాలో ఆమె కూర్చున్న బల్లకు నాలుగడుగుల దూరంలోనే నిందితుడు, అతని వెంట వచ్చిన నలుగురు. మధ్యాహ్నం దాటాక బంట్రోతు పేరు పిలుస్తాడు. లేచి వెళితే వినపడేది ఒక్కటే మాట, వాయిదా.

ఇది చట్టం ఒప్పుకునే పద్ధతి కాదు. పాత సీఆర్పీసీ 309వ సెక్షన్ చెప్పినదే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 346వ సెక్షన్ కూడా చెబుతోంది. సాక్షి హాజరై ఉండగా విచారించకుండా వాయిదా వేయకూడదు. తప్పనిసరైతే ఆ ప్రత్యేక కారణాన్ని రాసి పెట్టాలి. వకీలు వేరే కోర్టులో ఉన్నాడన్నది కారణమే కాదు. అత్యాచార కేసుల్లో అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో విచారణ ముగియాలి.

మన కోర్టులకు వేగం చేతకాక కాదు. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చిదిమేసిన కేసులో ఆగస్టు 8కే తీర్పు వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో జరిగిన ‘సమత’ అత్యాచారం, హత్య ఘటనపై ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న తీర్పు చెప్పింది. రెండు చోట్లా బాధితులు బతికి లేరు. జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం కదిలింది. మరి బతికి, ధైర్యం కూడగట్టుకుని, తనే వచ్చి చెబుతానన్న మనిషి విషయంలో ఆ తొందర ఏమైపోతోంది?

విశాఖ మన్యంలోని వాకపల్లిని గుర్తుచేసుకోవాలి. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. విచారణ జరగాలా వద్దా అన్నది తేలడానికే పదేళ్లు పట్టింది. 2017లో సుప్రీంకోర్టు జరగాల్సిందేనన్నాక మరుసటి ఏడాది మొదలైంది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి వారిలో ఇద్దరు చనిపోయారు. కొండ దిగి పట్నం వచ్చి, పరాయివాళ్ల ముందు ఆ రోజు జరిగిందంతా మళ్లీ చెప్పినవాళ్లకు చివరికి దక్కింది పరిహారం కాగితం.

నిందితుడికి క్రాస్ ఎగ్జామినేషన్ హక్కు ఉంది, ఉండాలి కూడా. అయితే ఎలా అడగాలన్నదానికి హద్దులున్నాయి. ఘటనకు నేరుగా సంబంధించిన ప్రశ్నలను రాసి జడ్జికి ఇవ్వాలని, సిగ్గుపడాల్సిన అవసరం రాని భాషలో జడ్జే వాటిని అడగాలని, బాధితురాలికి నిందితుడు కనపడకుండా తెర ఉండాలని ‘సాక్షి’ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పింది 2004లో! జిల్లా కోర్టుల్లో ఇలాంటి సాక్షులకు ప్రత్యేక వాంగ్మూల కేంద్రాలు ఏడాదిలో పెట్టాలని 2018 డిసెంబరులో ఆదేశించింది. వయసుతో నిమిత్తం లేకుండా లైంగిక దాడి బాధితులందరికీ అవి అందాలని 2022 జనవరిలో స్పష్టం చేసింది.

ఫ్రాన్స్‌లో అత్యాచార బాధితురాలు జిసెల్ పెలికో 2024లో తన కేసు విచారణ బహిరంగంగానే జరగాలని కోరి సాధించుకుంది. అది ఆమె ఎంపిక. ఇక్కడ తలుపులు మూసి విచారించడం చట్టమే చెప్పిన పద్ధతి. ఆ మూసిన గదిలో కూడా నిందితుడి కళ్లలోకి చూస్తూ చెప్పమనడం ఏం న్యాయం?

కొత్త చట్టం అక్కరలేదు. ఉన్నదాన్ని అమలు చేయించాల్సింది హైకోర్టు. బాధితురాలు హాజరైన రోజు వాయిదా పడితే, కారణాన్ని డాకెట్‌లో రాశారో లేదో ప్రతి నెలా తనిఖీ చేయాలి. ఆమె నిందితుడికి ఎదురుపడకుండా కూర్చునే చోటు, తిరుగు బస్సు ఎక్కేలోపు ప్రయాణ ఖర్చులు అందించే బాధ్యత జిల్లా న్యాయసేవాధికార సంస్థ తీసుకోవాలి. న్యాయవాదుల సంఘాలు ఆ ఒక్క రోజుకు వాయిదా అడగబోమని తీర్మానించుకోవాలి. కాటారం నుంచి వచ్చిన సాక్షి వాంగ్మూలం పూర్తయ్యాకే జడ్జి ఆ రోజుకు బెంచి దిగాలి.