గేటు దగ్గర అమ్మకు తెలిసిన భాష

పిల్లలూ, మనలో చాలామందికి గేటు కొత్త కాదు. సెలవుల్లో మామయ్య వచ్చినా, పుట్టినరోజుకు స్నేహితుణ్ణి పిలిచినా పాస్ రాయించాల్సిందే. సెంట్రీకి కార్డు చూపించడం మీకు చెప్పులు తొడుక్కున్నంత మామూలు. కొడుకు అగ్నివీర్‌గా ఎంపికయ్యాక, వాణ్ణి చూడటానికి శ్రీకాకుళం పల్లె నుంచి మొదటిసారి దూరప్రయాణం రైలెక్కిన అమ్మకు మాత్రం అది మామూలు కాదు.

మన కుర్రాళ్లు కొందరు హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్‌కు, కొందరు నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు, నౌకాదళంలో చేరినవారు ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాకు శిక్షణకు వెళ్తారు. ఇంటివాళ్లు ఏ రోజు, ఎంతసేపు, ఎక్కడ కలవాలో సెంటరే నిర్ణయిస్తుంది. అసలు గుర్తింపు కార్డు చూపాలి, జిరాక్సు పనికిరాదు. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఫొటోలు తీయకూడదు.

కన్నబిడ్డను చూడటానికి ఇన్ని ఆంక్షలా అని ఊళ్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నేను వాళ్లతో ఏకీభవించను. 2018 ఫిబ్రవరి 10న జమ్మూలోని సుంజువాన్ సైనిక శిబిరంలోకి చొరబడిన ఉగ్రవాదులు దూరింది కుటుంబాలు నివసించే క్వార్టర్లలోకే. గేటు గట్టిగా ఉండాలని మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకొకటి, లంగర్‌హౌస్‌లో ఉండే అమ్మ ప్రతి ఆదివారం క్యారేజీ పట్టుకుని రాగలదు. పక్క మంచం కుర్రాడి అమ్మ నాగాలాండ్‌లో ఉంటుంది. ఆ తేడా బ్యారక్‌లోకి రాకపోవడమే మంచిది.

కాబట్టి నా అభ్యంతరం నియమాల మీద కాదు. అవి ఇంటికి చేరే పద్ధతి మీద. నేను చూసిన పిలుపు పత్రాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉన్నాయి. తెలుగులో ఒక్కటీ లేదు.

అన్నిటికన్నా చిక్కు పేరుతోనే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఫారంలో సర్‌నేమ్ అని చివర ఒక గడి ఉంటుంది. మనవాళ్లు పేరును అలవాటుగా వరసలో రాసుకుంటూ పోతే ఆ గడిలో పడేది అసలు పేరు. అప్పుడు తండ్రి సర్‌నేమ్ అప్పారావు, కొడుకు సర్‌నేమ్ రవి! అమ్మ ఆధార్‌లో పుట్టింటి పేరే ఉంటే ఇక మూడో సర్‌నేమ్ కూడా తయారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇలాగే ఒక జంట గేటు బయట నిలబడిపోయింది. వాళ్లకు తెలుగు తప్ప రాదు, సెంట్రీకి తెలుగు రాదు. అటువైపు వెళ్తున్న నన్ను పిలిచి, "కాస్త మీరైనా చెప్పండమ్మా, మా వాడేనని" అంది ఆవిడ. ఇంటిపేరు సంగతి విడమరిచి చెప్పాక సుబేదారుగారు లోపలికి ఫోన్ చేసి కనుక్కున్నారు. పంపించారు. నలభై నిమిషాలు ఎండలో పోయాయి. సెంట్రీ తప్పేమీ లేదు, పేర్లు కలవనప్పుడు ఆపడమే అతని పని. తెచ్చిన సున్నుండలు మాత్రం గేటు దాటలేదు. బయటి తిండి తిని ఒకరికి వాంతులైతే మర్నాడు పరేడ్‌కు ఎవరు వెళ్తారు?

తల్లిదండ్రులను గౌరవించడం సైన్యానికి తెలియనిది కాదు. శిక్షణ ముగిశాక కసమ్ పరేడ్‌కు వాళ్లను పిలిచి గౌరవ్ పదక్ ఇస్తారు. 2020 జూన్ 13న డెహ్రాడూన్ అకాడమీ పరేడ్‌కు కరోనా వల్ల తల్లిదండ్రులను రానివ్వలేకపోతే, ఇంట్లో కూర్చుని చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేశారు. అంత చేసేవాళ్లకు పిలుపు పత్రంతో పాటు మాతృభాషలో ఒక్క కాగితం జతచేయడం భారం కాదు. ఏ కార్డు తేవాలి, పేరు ఎలా ఉండాలి, ఏం తేకూడదు, కలిసే రోజు ఖాయం చేసుకున్నాకే టికెట్ కొనాలి. ఈ నాలుగు ముక్కలు చాలు. రాయడానికి అక్కడే ఉన్న తెలుగు హవల్దారు ఒకరు సరిపోతారు.

ఆ కాగితం వచ్చేదాకా మీరున్నారు. గేటు సంగతి మీకు తెలుసు, తెలుగూ తెలుసు. ఈ వేసవిలో ఊరెళ్లినప్పుడు సైన్యంలో చేరబోయే అన్న ఎవరైనా ఉంటే, అమ్మానాన్నల ఆధార్‌నూ వాళ్లబ్బాయి సర్టిఫికెట్లనూ పక్కపక్కన పెట్టి పేర్లు చూడండి. తేడా ఉంటే ఇప్పుడే మీసేవలోనో సచివాలయంలోనో అడగమనండి. దిద్దించడానికి రోజులు పడుతుంది.